ఇంటిపేరు నాన్నలది, ట్రంకుపెట్టె అమ్మలది



మన సంఘం వంశావళి పుస్తకం పని మీద రెండు నెలలుగా ఇల్లిల్లూ తిరుగుతున్న సంగతి మీకు తెలిసిందే. ఇంటిపేరు, గోత్రం, తాత పేరు, ముత్తాత పేరు, ఆయన నాన్న పేరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారు అన్నవి అడిగి రాసుకుంటున్నాం. కొన్ని ఇళ్లలో ఏడు తరాల దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పారు. తమిళనాట ఇన్ని తరాలుగా ఉండి కూడా ఇంటిపేరు మరిచిపోని జాతి మనది అని పొంగిపోయాం కూడా. కానీ ఒక ఇంట్లో జరిగిన చిన్న సంగతి మా పొంగును కాస్త చల్లార్చింది. ఈ రాత దాని గురించే. పొడుగైంది, తీరిక చేసుకుని చదవండి.

ఆ ఇంటి పెద్దాయన పేర్లన్నీ చెప్పించి, రాయించి, కాఫీ ఇచ్చారు. మేము లేవబోతుంటే లోపలి నుంచి ఎనభై దాటిన పెద్దమ్మ పిలిచింది. "మగోళ్ల పేర్లన్నీ ఎత్తుకున్నారు గదా నాయనా, మావి చూస్తురు రాండి" అని. మంచం కింద ఇనుప ట్రంకుపెట్టె. మేమే బయటికి లాగాం. పాత తెల్లపంచెలో చుట్టిన తొమ్మిది చీరలు, నాలుగు రవికలు, చిన్నపిల్ల పట్టుపావడ ఒకటి. ఒక్కొక్కటే మడత విప్పి చెప్పుకుంటూ పోయింది. "ఇది నా పెండ్లిది. ఇది మా అత్తది, పెద్దోడు పుట్టినప్పుడు నాకిచ్చింది. ఇది మా అత్తకు అత్తది." ఆ ఆఖరి ఆమె పేరేమిటి పెద్దమ్మా అని అడిగాం. చెప్పింది. చేతిలో కాగితం ఉంది గదా, అందులో వెతికాం. ఆమె మొగుడి పేరు ఉంది. ఆమె ముగ్గురు కొడుకుల పేర్లు ఉన్నాయి. ఆమె పేరు లేదు.

అదే రోజు అదే వీధిలో మూడిళ్ల అవతల ఇంకొక మాట విన్నాం. "మా నాయనమ్మ పెండ్లిచీర ఉండేది, చినిగిపోయింది గదా అని పోయిన ఏడు పాతపట్టు కొనేవాడికి ఇచ్చేశాం" అన్నారు. పాతపట్టు కొనేవాడికి కావలసింది పట్టు కాదు, జరీలోని వెండి. కాల్చి కరిగించి తీసుకుంటాడు. ఆ నాయనమ్మ ఎవరి బిడ్డ, ఏ ఊరిది అని అడిగాం. ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

ఇంటికొచ్చాక మాకు ఒక పరాయి కుటుంబం బట్టల పెట్టె గుర్తొచ్చింది. ఇంగ్లండులోని మెసెల్ కుటుంబానిది. వాళ్లకూ మనకూ ఏ చుట్టరికమూ లేదు. కానీ ఒక దేశం నుంచి వచ్చి ఇంకొక దేశంలో పాతుకుపోయిన కుటుంబం అది. వాళ్ల ఇంటి ఆడవాళ్లు దాచిన బట్టలు ఇప్పుడు బ్రైటన్ మ్యూజియంలో ఉన్నాయి. 2005లో అక్కడ వాటితో పెద్ద ప్రదర్శన పెట్టారు, పండితులు కలిసి ఒక పుస్తకమూ వేశారు. ఆ సేకరణను 1865 నుంచి 2005 దాకా అని చెబుతారు. అంటే 140 ఏళ్ల బట్టలు. రాజుల ఇంటివి కావు, ఒక కుటుంబానివి.

ముందు ఆ కుటుంబం సంగతి చెబుతాం.

లుడ్విగ్ మెసెల్ అనే ఆయన 1847లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ అనే ఊళ్లో యూదుల ఇంట పుట్టాడు. వయసులో ఉండగా లండన్ చేరి షేర్ల బ్రోకరు వ్యాపారం పెట్టి బాగా సంపాదించాడు. ఒక తమ్ముడు రుడాల్ఫ్ ఇంగ్లండులోనే పేరున్న రసాయన శాస్త్రవేత్త అయ్యాడు. ఇంకొక తమ్ముడు ఆల్ఫ్రెడ్ జర్మనీలోనే ఉండిపోయి బెర్లిన్‌లో పెద్ద పెద్ద భవనాలు కట్టిన వాస్తుశిల్పి అయ్యాడు. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ. మన ఇళ్లలోనూ ఒక అన్న చిత్తూరు జిల్లాలో, ఒక తమ్ముడు వేలూరులో ఉంటారే, అలాగ. 1890లో లుడ్విగ్ ససెక్స్ ప్రాంతంలో నైమన్స్ అనే ఇల్లూ తోటా కొన్నాడు. వ్యాపారికి భూమి వస్తే గానీ ఆ దేశంలో పెద్దమనిషి కాడు. ఆ తోట ఇప్పటికీ పేరున్నదే.

ఆయన కొడుకు లెనార్డ్ 1898లో మోడ్ సాంబర్న్ అనే అమ్మాయిని పెళ్లాడాడు. మోడ్ తండ్రి లిన్లీ సాంబర్న్, పంచ్ అనే హాస్య పత్రికకు బొమ్మలు వేసే ఆయన. డబ్బు వీళ్లది, కళ వాళ్లది. వియ్యం కుదిరింది.

ఇప్పుడు పెట్టె సంగతి. లోకం దాన్ని మెసెల్ కుటుంబ బట్టల సేకరణ అంటుంది. కానీ ఆ పెట్టె ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చూడండి. మొదట మేరీ ఆన్ హెరాపాత్. ఆమె కూతురు మారియన్, లిన్లీ సాంబర్న్ భార్య. మారియన్ కూతురు మోడ్, మెసెల్ ఇంటి కోడలు. మోడ్ కూతురు ఆన్, రెండో పెళ్లితో ఐర్లండులోని రాస్ ప్రభువు భార్య. హెరాపాత్, సాంబర్న్, మెసెల్, రాస్. నాలుగు తరాలు, నాలుగు పేర్లు. ప్రతి తరంలోనూ ఇంటిపేరు మారింది. పెట్టె మాత్రం తల్లి నుంచి కూతురికి నడిచింది.

మగవాళ్ల వంశవృక్షం గీస్తే ఈ గీత కనబడదు. లుడ్విగ్, ఆయన కొడుకు లెనార్డ్, ఆయన కొడుకులు అని సాగిపోతుంది. మేరీ ఆన్ హెరాపాత్ ఆ చెట్టులో ఒక ఆకు కూడా కాదు. బట్టల్లో మాత్రం ఆమె మొదటి మనిషి. మాకు ఈ సంగతి తట్టినప్పుడు ఆ పెద్దమ్మ మాట మళ్లీ వినిపించింది. మగోళ్ల పేర్లన్నీ ఎత్తుకున్నారు గదా అని.

సరే, ఆ బట్టలు ఆడవాళ్ల గురించి ఏం చెబుతాయి? మూడు సంగతులు మాకు ముఖ్యంగా తోచాయి.

మొదటిది ఒళ్లు, ఇల్లు, ఖర్చు. మారియన్ 1874లో పెళ్లాడింది. మరుసటి ఏడు లండన్‌లోని కెన్సింగ్టన్‌లో స్టాఫర్డ్ టెర్రేస్ అనే వీధిలో 18వ నంబరు ఇంట్లో కాపురం పెట్టారు. ఆమె 1880ల మొదటి నుంచి 1914లో చనిపోయేదాకా దినచర్య రాసింది. ఎవరు వచ్చారు, ఏం వండించింది, ఏం కొన్నది, కుట్టుపని ఆమె దగ్గరికి ఎప్పుడు వెళ్లింది, అన్నీ అందులో ఉంటాయి. చిత్రకారుడి ఇల్లు. పెద్దింటివాళ్ల మధ్య తిరగాలి, జేబు మాత్రం వాళ్లంత లోతు కాదు. ఆ కాలంలో గుడ్డ ఖరీదు ఎక్కువ, కుట్టుకూలి తక్కువ. అందుకే గౌను పాతబడితే పారెయ్యరు. విప్పి మళ్లీ కుట్టిస్తారు, చేతులు మారుస్తారు, కొత్త లేసు వేయిస్తారు. రవిక భాగం వేరు, కింది పావడ భాగం వేరుగా కుట్టేవాళ్లు కాబట్టి ఒకటి చెడిపోతే ఇంకొకటి మిగిలేది. కుట్టు లోపల ఎక్కువ గుడ్డ వదిలేవాళ్లు, ఒళ్లొస్తే విప్పుకోవడానికి. పాత కుట్టు సూదిరంధ్రాలు గుడ్డలో అలాగే నిలిచిపోతాయి. వాటిని చూసి నడుము ఎప్పుడు పెరిగిందో, గౌను ఎన్నిసార్లు మారిందో చెప్పగలరు. దినచర్యలో మనిషి తాను చెప్పాలనుకున్నదే రాస్తుంది. కుట్టుకు ఆ తెలివి లేదు.

రెండోది, మనిషి తనను తాను ఎవరనుకుంటున్నదీ, ఎవరిగా కనబడాలనుకుంటున్నదీ. మోడ్ బట్టలు దీనికి సాక్ష్యం. ఆమె చిన్నప్పుడే బొమ్మలు వేసేది, తండ్రి పనిచేసే పత్రికలోనే అచ్చయ్యాయి కూడా. సూదిపని, పాత లేసులు, పాతకాలపు అందాలంటే ఆమెకు ప్రాణం. మెసెల్ ఇంటి డబ్బు రాగానే ఆ అభిరుచికి రెక్కలొచ్చాయి. లెనార్డ్ కూడా సేకరించే మనిషే. ఆయన కూడబెట్టిన విసనకర్రలు ఇప్పుడు కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉన్నాయి.

ఇక్కడ ఇంటి కథనూ బట్టల కథనూ పక్కపక్కన పెట్టి చూడాలి. 1915లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా లుడ్విగ్ చనిపోయాడు. ఇంగ్లండులో అప్పుడు జర్మన్ పేరు వినబడితే చాలు, కోపం. జర్మన్ పేరున్న అంగళ్ల మీద రాళ్లు పడ్డ ఏడాది అది. ఆ దేశంలో నలభై ఏళ్లకు పైగా బతికి, అక్కడే పిల్లల్ని కని, తోట వేసి, మనవల్ని ఎత్తుకున్న మనిషి చివరి రోజుల్లో మళ్లీ పరాయివాడయ్యాడు. తరువాత నైమన్స్ లెనార్డ్, మోడ్ చేతికి వచ్చింది. 1920లలో వాళ్లు తండ్రి ఉన్న ఇంటిని మార్చేసి, ఇంగ్లండు మధ్యయుగపు జమీందారు ఇల్లులా కొత్తగా కట్టించారు. రాతి గోడలు, పాతకాలపు కిటికీలు. చూసినవాళ్లు ఐదారు వందల ఏళ్ల కిందటిది అనుకునేలా.

మోడ్ బట్టల్లోని పాత ఇంగ్లండు మోజునూ ఈ ఇంటినీ కలిపి చదివితే మాకు ఒకటి అనిపిస్తుంది. ఇది ఉత్త అందం మీది ఇష్టమే కాదు. మేము ఇక్కడివాళ్లమే, ఎప్పటినుంచో ఉన్నాం అని చెప్పుకోవడం కూడా. ఆమెకు ఆ అవసరం లేకపోవచ్చు, ఆమె పుట్టుకతోనే ఇంగ్లీషు మనిషి. ఆమె మొగుడికి, బిడ్డలకు ఆ అవసరం ఉంది. ఇంటి మీద పడ్డ పరాయి అనే మాటను కోడలు తన పుట్టింటి రుచితో కప్పింది. మనకిది కొత్తా? తమిళనాట మన ఇళ్లలోకి ఏ ఆచారం ఏ కోడలి వెంట వచ్చిందో, ఏ వంట ఏ అత్త నేర్పిందో తరిచి చూస్తే, ఈ నేలలో మనం కుదురుకున్నది సగం ఆడవాళ్ల చేతుల మీదనే అని తెలుస్తుంది. వంశావళిలో ఆ సగం రాయడంలేదు.

మూడోది, దాచడం అనే పని. ఇక్కడ మోడ్ కూతురు ఆన్ వస్తుంది. 1902లో పుట్టింది. తమ్ముడు ఆలివర్ నాటకాలకూ బాలేలకూ రంగస్థల అలంకరణ చేసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆన్ 1925లో ఆర్మ్‌స్ట్రాంగ్ జోన్స్ అనే న్యాయవాదిని పెళ్లాడింది, అది నిలవలేదు. 1935లో రాస్ ప్రభువును చేసుకొని ఐర్లండులోని బర్ కోటకు కోడలిగా వెళ్లింది. ఆ కోట పేరు సైన్సు చదివినవాళ్లకు తెలిసే ఉంటుంది. 1840లలో ఆ ఇంటి పూర్వీకుడు కట్టించిన దూరదర్శిని ఎన్నో దశాబ్దాలు ప్రపంచంలోకెల్లా పెద్దది.

ఆన్ లండన్‌లో పేరుమోసిన అందగత్తె. చార్లెస్ జేమ్స్ వంటి గొప్ప డిజైనర్లు ఆమెకు గౌనులు కుట్టారు. ఐర్లండు ఇల్లాలు అయ్యాక అక్కడి డిజైనర్ల చేతి బట్టలూ వేసుకుంది. అత్తవారి ఊరి నేతనూ కుట్టునూ ఒంటి మీద వేసుకుని నలుగురిలో తిరగడం అంటే, నేను మీ మనిషినే అని నోరు విప్పకుండా చెప్పడం. తల్లి చేసిన పనే కూతురు ఇంకొక దేశంలో చేసింది.

అయితే ఆన్‌ను మేము తలుచుకుంటున్నది ఆ అందానికి కాదు. ఆమె పారేయలేదు. తనవి మాత్రమే కాదు, తల్లివి, అమ్మమ్మవి కూడా దాచింది. 1947 ఫిబ్రవరిలో నైమన్స్ ఇల్లు కాలిపోయింది. లెనార్డ్ ఏళ్ల తరబడి కూడబెట్టిన అరుదైన తోటపని పుస్తకాలు బూడిదయ్యాయి. పుట్టింటి గోడలు మొండిగా నిలబడ్డం చూసిన ఆడమనిషికి దాచడం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మమ్మ కాపురం చేసిన స్టాఫర్డ్ టెర్రేస్ ఇంటినీ ఆమె మార్చనివ్వలేదు. పాతకాలపు కట్టడాలను కూల్చివేతల నుంచి కాపాడేందుకు పుట్టిన విక్టోరియన్ సొసైటీకి తొలి సమావేశం జరిగింది 1957లో, ఆ ఇంట్లోనే. ఇప్పుడది మ్యూజియం.

దాచడం ఒక ఎత్తు. ఇంకొకటి అంతకన్నా పెద్దది. ఆన్ ఆ బట్టలకు తన చేతిరాతతో చీటీలు పెట్టింది. ఇది ఎవరిది, ఎప్పుడు వేసుకున్నది, ఏ సందర్భం అని. ఆ చీటీలు లేకపోతే మ్యూజియంకు అందేది 1900 ప్రాంతపు గౌను ఒకటి, అంతే. చీటీ ఉంది కాబట్టి అది అమ్మ గౌను అయింది. చరిత్ర పండితులు తరువాత వచ్చి మారియన్ దినచర్యనూ, ఫోటోలనూ, కుట్టునూ, చీటీనీ పక్కపక్కన పెట్టి నాలుగు తరాల ఆడవాళ్లను మళ్లీ నిలబెట్టారు. ఆధారం ఇచ్చింది మాత్రం ఇంట్లోని ఒక ఆడమనిషి చేతిలోని పెన్ను.

1960లో ఆన్ కొడుకు ఆంటొనీ, ఇంగ్లండు రాణి చెల్లెలు మార్గరెట్‌ను పెళ్లాడాడు. లుడ్విగ్ ఆ తోట కొన్న 70 ఏళ్లకు ఆయన మునిమనవడు రాజు ఇంటి అల్లుడయ్యాడు. మగవాళ్ల చరిత్ర రాసేవాళ్లు దీన్ని షేర్ల వ్యాపారం, భూమి, చదువు, పరిచయాలు అని రాస్తారు. తప్పు లేదు. కానీ ఆ 70 ఏళ్లూ ఆ ఇంటి ఆడవాళ్లు ఏ విందుకు ఏం కట్టుకోవాలో, ఎవరి ఎదుట ఎలా కనబడాలో అని పడ్డ శ్రద్ధ కూడా ఆ మెట్లలో ఒకటి. పెట్టె లేకపోతే ఆ మెట్టు ఉందని కూడా తెలిసేది కాదు.

ఇంతసేపు మెచ్చుకున్నాం. ఆ పెట్టె చెప్పనివి కూడా చెప్పాలి. పెళ్లివి, విందువి, ఫ్యాన్సీ డ్రెస్ ఆటలవి మిగులుతాయి. రోజూ కట్టుకున్నవి అరిగి పోతాయి. కాబట్టి ఏ పెట్టె చూసినా ఆ ఇంట్లో రోజూ పండగే అనిపిస్తుంది. నమ్మకండి. ఇంకొకటి, ఆ కాలపు ఖరీదైన గౌనుల నడుంపట్టీ మీద కుట్టించిన అంగడి పేరు ఉంటుంది, కుట్టిన పిల్ల పేరు ఉండదు. ఇస్త్రీ చేసిన పనిమనిషి పేరు ఉండదు. పెద్దింటి ఆడవాళ్లను వంశవృక్షం మరిచిపోయిందని మనం బాధపడితే, పేదింటి ఆడవాళ్లను పెట్టె కూడా మరిచిపోయింది.

ఇక మన ఇళ్లకు వద్దాం. మన పెట్టెలు వేరు రకం. వాళ్లది కుట్టిన బట్ట, మనది నేసిన బట్ట. గౌను ఒంటి కొలతను దాస్తుంది. చీర దాయదు. ఒకే చీర అత్త కట్టుకుంటుంది, కోడలు కట్టుకుంటుంది, మనవరాలు కట్టుకుంటుంది, ఎవరి ఒళ్లు ఎలా ఉండేదో చీర చెప్పదు. అది చెప్పేది రవిక. అందుకే పాత రవికను పనికిరాదని పారెయ్యకండి. చంక దగ్గర విప్పి కుట్టిన గుర్తు ఉందా, చేయి మోచేతి దాకా ఉందా, చేతికుట్టా మిషను కుట్టా చూడండి. ఆ మనిషి ఆ రవికలో ఉంది.

చీర చెప్పేది వేరే. పొడుగు కొలవండి. ఇప్పటి చీర 12 మూరలు, అంటే 6 గజాలు. పెట్టెలోని చీర 16, 18 మూరలుంటే కచ్చ పోసి కట్టే కాలపుది, లేదా కచ్చ పోసి కట్టే ఇంటిది. అంచూ ఒళ్లూ వేర్వేరు రంగులై, పోగుపోగునా ముడివేసినట్టు కలిసి ఉంటే అది కోర్వై, కంచి మగ్గం పద్ధతి. తెలుగు మాట్లాడే దేవాంగ, పద్మశాలి నేతగాళ్లు తరతరాలుగా తమిళనాట మగ్గం పట్టారు. నేసినవాళ్లలోనూ కట్టినవాళ్లలోనూ మనవాళ్లున్నారు. జరీ రంగు చూడండి. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ చుట్టిన వెండి తీగ, పైన బంగారు పూత. అందుకే కరిగించేవాడికి దాని మీద కన్ను.

మరి రోజువారీ నూలు కోకలు ఏమయ్యాయి? అవి పెట్టెలో లేవు. కొత్తగా ఉన్నప్పుడు కోక, మెత్తబడ్డాక పసిబిడ్డకు ఉయ్యాల, ఆ తరువాత పక్కగుడ్డ, ఇంకా చినిగితే పొరలు పొరలుగా పేర్చి బొంత, ఆఖరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. పట్టుచీర కొనలేని ఇంటి బట్టల పెట్టె అంటే ఆ బొంతే. పాత బొంత అంచు విప్పి చూడండి. ఒక్కో పొర ఒక్కొక్కరి కోక. మ్యూజియంలో పెట్టిన ఏ గౌనుకూ ఆ బొంత తీసిపోదు. పట్టుచీరలున్న ఇళ్లే చరిత్ర ఉన్న ఇళ్లు అని మన పుస్తకంలో తేలితే అది మన తప్పు అవుతుంది.

మాకు ఇప్పుడున్న దిగులు ఒకటే. చీర ఇంకా వందేళ్లు నిలవవచ్చు. అది ఎవరిదో చెప్పగలిగిన నోరు అన్నాళ్లు ఉండదు. ఆ పెద్దమ్మ ఒక్కతే ఆ తొమ్మిది చీరలకూ చీటీ. రేపు ఆమె లేకపోతే ఆ ఇంటి పిల్లలకు అవి పాతపట్టు. పాతపట్టు అయిన మరునాడే కొనేవాడు గుమ్మం ముందు ఉంటాడు. అమ్ముకున్నవాళ్లను మేము తప్పుపట్టడంలేదు. అవసరాలు ఎవరివి వాళ్లకు తెలుసు. అమ్మేముందు ఎవరిదో రాసి, ఫోటో తీసి అమ్మండి. వెండి పోతే పోయింది, మనిషి మిగులుతుంది.

కాబట్టి సంఘం తరఫున మీ అందరినీ కొన్ని అడుగుతున్నాం.

ఇంట్లో పెద్ద ఆడవాళ్లు ఉంటే ఈ నెలలోనే వాళ్ల ఎదుట పెట్టె తెరవండి. ప్రతి బట్టకు ఐదు సంగతులు రాసుకోండి. ఎవరిది, ఆమె పుట్టినిల్లు ఏ ఊరు, ఏ సందర్భానికి వచ్చింది, ఎవరు ఇచ్చారు, ఆమె తరువాత ఎవరెవరు కట్టారు. తెలియనిది తెలియదనే రాయండి, ఊహించి రాయకండి.

ఆ సంగతులు కాగితం మీద రాసి గుండుసూదితో గుచ్చకండి. మన ఉక్కకు సూది తుప్పు పట్టి పట్టును తినేస్తుంది. చిన్న తెల్ల నూలుగుడ్డ ముక్క మీద చెరగని పెన్నుతో రాసి, అంచు లోపలివైపు నాలుగు కుట్లు వదులుగా వేయండి. చీరను ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, చెమ్మ లోపలే నిలిచిపోతుంది. మెత్తని పాత పంచెలో చుట్టండి, ఆ పెద్దమ్మ చేసినట్టు. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు మడత మార్చండి, ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే ఆ గీత వెంబడే చినుగుతుంది.

ఆఖరి మాట పుస్తకం గురించి. ఇప్పటిదాకా మేము అడిగిన ప్రశ్నల్లో లోపం ఉంది. ఒప్పుకుంటున్నాం. ఇక మీదట ప్రతి తరంలోనూ ఇంటి ఆడవాళ్ల పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు కూడా రాయాలని సంఘంలో అడగబోతున్నాం. కూతుళ్ల పేర్లు కూడా, వాళ్లు ఏ ఇంటికి వెళ్లారో కూడా. పుస్తకం రెండింతలవుతుంది, ఖర్చు పెరుగుతుంది, ఆలస్యమవుతుంది అని కొందరు అంటారు. నిజమే. సగం మనుషులను వదిలేసి అచ్చువేసిన పుస్తకం త్వరగా వస్తే మాత్రం ఏం లాభం? ఇదివరకే పేర్లు ఇచ్చిన ఇళ్లకు మళ్లీ వస్తాం. విసుక్కోకండి.

ఆ పెద్దమ్మ ఇంటికి వచ్చే ఆదివారం పోతున్నాం. ఈసారి ఆమె చెబుతుంది, మేము రాస్తాం. తెల్లగుడ్డ, పెన్ను, సూది, దారం తెస్తామని చెప్పాం. "సూది దారం నా దగ్గరుండాయి, మీరు అద్దాలు మాత్రం తెచ్చుకోండి, మీ రాత కుట్టేది నేను" అంది.